గీత పడని నేల

ఇంటిచాకిరీ గురించి మనం చాలా రాసుకున్నాం. ఎవరు చేస్తున్నారు, ఎంతసేపు చేస్తున్నారు, దానికి జీతం ఉండాలా వద్దా అన్న చర్చలు దశాబ్దాలుగా నడుస్తూనే ఉన్నాయి. అయితే ఒక తేడా గురించి తగినంత మాట్లాడుకోలేదని నాకనిపిస్తుంది. రోజూ చేసే పనికీ, ఎప్పుడో ఒకసారి చేసే పనికీ మధ్య ఉన్న తేడా అది. ఇంట్లో పనులు ఆడపని, మగపని అని విడిపోయిన చోటల్లా కాస్త ఆగి చూడండి. బరువో, నైపుణ్యమో, ప్రమాదమో అక్కడ అసలు గీటురాయిలా కనిపించదు. రోజూ బిందెలతో నీళ్ళు మోసేది ఆమె, బావి తవ్వించేది ఆయన. రోజూ వండేది ఆమె, పెళ్ళిలో వెయ్యిమందికి వండితే అది వంటవాడి విద్య. ఏడాది పొడుగునా బూజు దులిపేది ఆమె, సంక్రాంతికి వెల్ల వేయించేది ఆయన. మళ్ళీ మళ్ళీ చేయాల్సి వచ్చేది ఆడవాళ్ళ వాటాకి వస్తుంది. ఒక్కసారి చేసి "చేశాను" అని చెప్పుకోగలిగేది మగవాళ్ళ వాటాకి పోతుంది. మినహాయింపులు లేవని అనను. వాటిని మనం పేరుపెట్టి మరీ గుర్తు పెట్టుకుంటున్నామంటేనే మామూలు ఏమిటో తెలుస్తోంది.

ఒక్కసారి చేసే పనికి ఎక్కువ గౌరవం ఎందుకు? అది నిలబడుతుంది కనక, అని జవాబు చెప్తారు. బావి నిలబడుతుంది, బిందెడు నీళ్ళు సాయంత్రానికి అయిపోతాయి. నిలిచేదాన్ని చేసినవాళ్ళు గొప్పవాళ్ళు. ఈ జవాబు నిజమేనా అన్నదే నా ప్రశ్న. దాన్ని పరీక్షించడానికి నేను ఎంచుకున్న వస్తువు చాలా మామూలుది, చెక్క నేల.

న్యూజెర్సీలో మేముండే ఇల్లు 1950ల నాటిది. కింది గదులన్నిటికీ ఎర్ర ఓక్ చెక్క పరిచి ఉంది. ఇక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్ళు ఇల్లు కొనడానికి వెళ్తే ముందు అడిగే మాటల్లో "హార్డ్‌వుడ్డా, కార్పెట్టా?" అన్నది ఒకటి. ముప్పావు అంగుళం మందం, రెండుంపావు అంగుళాల వెడల్పు ఉన్న పలకలు. ఒక పలక అంచున నాలుకలాంటి కొస ఉంటుంది, పక్క పలకకి గాడి ఉంటుంది. నాలుక గాడిలోకి దూరుతుంది. మేకుల్ని ఆ నాలుక దగ్గర ఏటవాలుగా దిగగొడతారు కనక పైకి ఒక్కటీ కనిపించదు. ఈ అమరిక కొంచెం గుర్తు పెట్టుకోండి, దీనితో మళ్ళీ పనుంది.

చెక్క నేలకి ఇద్దరు శత్రువులు, నీళ్ళూ ఇసకా. చెట్టు నుంచి కోసి ఎన్నేళ్ళయినా చెక్క గాలిలోని తేమని పీల్చుకుంటూ వదులుతూనే ఉంటుంది. పొడుగునా పెద్దగా మార్పు రాదు, అడ్డంగా ఉబ్బుతుంది, అడ్డంగానే కుంచించుకుపోతుంది. చలికాలం హీటర్లు గాలిని ఎండగడితే పలకల మధ్య సందులు తెరుచుకుంటాయి, వానలొచ్చేసరికి మూసుకుంటాయి. ఇంట్లో గాలి తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండేట్టు చూసుకోమంటారు. కింద నుంచి తడి తగిలితే పలక అంచులు పైకి లేచి నడుమ పల్లం పడుతుంది. అందుకని బకెట్టుతో నీళ్ళు పోయడం, ఆవిరి మాపులు వాడడం నిషిద్ధం. గట్టిగా పిండిన గుడ్డతో తుడవాలి, అదీ వెంటనే ఆరిపోయేలా. మా అమ్మ మొదటిసారి వచ్చినప్పుడు ఇదంతా విని, "నీళ్ళు పోసి కడక్కపోతే అదేం ఇల్లే? పండక్కైనా కడగరా?" అంది. కొన్నాళ్ళకి తనే చీపురు పుచ్చుకుని, "సరేలే, దీనికి జలుబు చేస్తుంది కాబోలు" అని ఊడవడం మొదలుపెట్టింది.

రెండో శత్రువు ఇంకా చిన్నది. చెప్పులకి అంటుకుని లోపలికొచ్చే ఇసక రేణువు. చెక్కమీద పాలీయురేథేన్ పూత ఉంటుంది, పల్చటి కాగితమంత మందం. ఇసక రేణువు ఆ పూత కంటే గట్టిది. దాని మీద పాదం జారినా, కుర్చీ కాలు జరిగినా ఒక గీత పడుతుంది. రోజుకి వందల అడుగులు పడే చోట, అంటే వంటింటి గుమ్మం, సింకు ముందు, సోఫా ఎదుట, ఈ గీతలు కలిసిపోయి పూత మసకబారుతుంది. పూత పోయిన చోట తడి దిగి చెక్క బూడిదరంగుకి తిరుగుతుంది. దీనికి మందు ఏమిటంటే రోజూ ఊడవడం. గుమ్మం బయట ఒక పట్టా, లోపల ఒక పట్టా వేసి వాటిని దులపడం. కుర్చీ కాళ్ళ కింద ఫెల్ట్ బిళ్ళలు అతికించడం, అవి ఊడిపోయినప్పుడు గమనించడం, వాటికి అంటుకున్న ఇసకని గోటితో గీకడం. వాక్యూమ్‌కి తిరిగే బ్రష్ ఉంటే దాన్ని ఆపి వాడడం. వీటిలో ఏ ఒక్కదానికీ విద్య అక్కర్లేదు. గుర్తుండాలి, అంతే. గుర్తుండడం కూడా శ్రమేనని మనం ఎన్నిసార్లు చెప్పినా అది ఎవరికీ గుర్తుండదు.

ఇక రెండో రకం పని శాండింగ్. పూత పూర్తిగా పోయాక సామానంతా ఖాళీ చేసి, పెద్ద యంత్రానికి గరుకు కాగితం చుట్టి, నేలంతా చిత్రిక పట్టినట్టు గీకేస్తారు. తర్వాత మూడు పూతలు పూస్తారు. నేల కొత్తదైపోతుంది. చూడ్డానికి నిజంగానే అద్భుతం. ఇప్పుడు ఇందాకటి అమరిక దగ్గరికి వద్దాం. నాలుకకీ గాడికీ పైన ఉన్న చెక్క సుమారు పావు అంగుళం. అరగడానికి ఉన్నది అంతే. ప్రతి శాండింగూ అందులోంచి అంగుళంలో ముప్ఫైరెండో వంతో, ఇంకాస్త ఎక్కువో తీసుకుపోతుంది. నాలుగైదు సార్లయ్యాక మేకుల తలలు బయటపడతాయి, పలకల అంచులు చీలిపోతాయి. అప్పుడు పీకి పారేయడమే. ఇప్పుడు ఎక్కువగా అమ్ముతున్న ఇంజినీర్డ్ చెక్కలో పైన అసలు చెక్క కొన్ని మిల్లీమీటర్లే. దాన్ని ఒక్కసారి గీకగలిగితే గొప్ప, కొన్నిటిని అసలు గీకలేం.

అంటే నేలని కొత్తదిగా చేసే ఘనమైన పని నేల ఆయుష్షులోంచే ఖర్చు పెడుతోంది. ఎవరూ చూడని చీపురు ఆ ఖర్చుని వాయిదా వేస్తోంది. "ఏది నిలబెడుతుంది?" అని అడిగితే ఇక్కడ జవాబు తిరగబడింది. నేల నిలబడ్డది ఊడవడం వల్ల. ఊడ్చిన ఫలితం సాయంత్రానికి పోయినట్టు కనిపిస్తుంది కానీ అది ఎక్కడికీ పోలేదు, పడని గీతల రూపంలో చెక్కలోనే ఉంది. పడని గీతని చూపించడం ఎలా? జరిగినదానికి ఫోటో ఉంటుంది. జరక్కుండా ఆపినదానికి ఏ సాక్ష్యమూ ఉండదు.

మా ఇంట్లో శాండింగ్ మూడేళ్ళ క్రితం జరిగింది. పనివాళ్ళని తీసుకొచ్చిన కాంట్రాక్టరు వేడిగాలి వచ్చే రంధ్రం మీది జాలీ ఎత్తి, పక్కనుంచి పలక మందం కొలిచి, "ఇది కాక ఇంకొక్కసారి చేయొచ్చు, ఆ తర్వాత కష్టం" అన్నాడు. ఆ మాట మా ఆయనతో అన్నాడు. ఏ గదిలో ఎక్కువ అరిగింది, ఎక్కడ తడి తగిలింది అన్న ప్రశ్నలకి జవాబులు నేను చెప్తుంటే తల మా ఆయన వైపే తిప్పి రాసుకున్నాడు. డబ్బు ఇద్దరిదీ, ఇల్లు ఇద్దరి పేరా ఉంది, వారంటీ కాగితం మాత్రం ఆయన పేర వచ్చింది. తర్వాత భోజనాలకి వచ్చిన స్నేహితులు నేలని చూసి "ఎంత ఓపిగ్గా చేయించారండీ!" అని ఆయన్ని మెచ్చుకున్నారు. మూడు రోజులు హోటల్లో ఉండి రావడానికి ఎంత ఓపిక కావాలో అంత ఓపిక ఆయనకి నిజంగానే ఉంది. అన్నట్టు, ఆ స్నేహితుల్లో ఆడవాళ్ళూ ఉన్నారు.

హన్నా ఆరెంట్ 1958లో వచ్చిన "ది హ్యూమన్ కండిషన్"లో శ్రమనీ పనినీ విడదీసింది. ఆమె లెక్కలో శ్రమ శరీరాన్ని బతికించుకోవడం కోసం, దాని ఫలితం వెంటనే ఖర్చయిపోతుంది. పని లోకంలో నిలిచే వస్తువుల్ని తయారుచేస్తుంది. ప్రపంచం శిథిలం కాకుండా రోజూ శుభ్రం చేసే పనిని ఆమె శ్రమ వైపే పెట్టింది. దానికి కావలసిన ఓర్పు ధైర్యం కిందికి రాదనీ, అందులో బాధ ప్రమాదం వల్ల కాక విసుగులేని పునరావృతి వల్ల వస్తుందనీ గుర్తించింది. హెర్క్యులీస్ కథని ఎత్తుకుంటుంది. ఏళ్ళ తరబడి ఊడవని పశువులశాలని నది మళ్ళించి ఒక్కరోజులో కడిగేశాడు కాబట్టి అది వీరకార్యమైంది. ఒకసారి కడిగితే అలాగే ఉండిపోయే శాల పురాణంలో తప్ప ఎక్కడా లేదని ఆమెకి తెలుసు. ఇంత దగ్గరికి వచ్చి కూడా, మర్నాడు ఆ శాలలోకి చీపురు పట్టుకుని వెళ్ళిందెవరు అని ఆమె అడగలేదు. ఆ ప్రశ్న అడిగితే పనికీ శ్రమకీ మధ్య గీసిన గీత అంత తిన్నగా నిలవదు. ఓక్ నేల ఆమె అర్థంలో "పని", నిలిచే వస్తువు. కానీ దాన్ని నిలబెడుతున్నది ఆమె "శ్రమ" అని పక్కన పెట్టింది.

సిమోన్ ద బోవా 1949లోనే "ది సెకండ్ సెక్స్"లో ఇంటిపనిని సిసిఫస్ శిక్షతో పోల్చింది. ఇల్లాలు ఏమీ నిర్మించదు, ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడంలో అరిగిపోతుంది అన్నది ఆమె వాదన. అరిగిపోవడం నిజం. ఏమీ నిర్మించదు అన్నదానితో మాత్రం నాకు పేచీ ఉంది. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడం ఏమీ చేయకపోవడంలా కనిపించడం అనేది మన చూపులోని లోపం. ఆ చూపుని బోవా కూడా కొంత అరువు తెచ్చుకుందనిపిస్తుంది.

ఈ చూపుని సరిగ్గా గురిపెట్టి కొట్టింది తత్వవేత్త కాదు, ఒక చిత్రకారిణి. మియెర్లీ లేడర్‌మన్ యూకలీస్ తొలి కాన్పు తర్వాత, 1969లో, సంరక్షణ పనే నా కళ అని ఒక ప్రణాళిక రాసింది. 1973లో కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లోని వాడ్స్‌వర్త్ ఎథీనియం మ్యూజియంలో బయటి మెట్లనీ, లోపలి నేలనీ మోకాళ్ళమీద కూచుని గంటల తరబడి కడిగింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు నడిచి మరకలు చేస్తే మళ్ళీ కడిగింది. గోడలమీది కళాఖండాల్ని కాపాడుతున్న పని ఎవరిదో ఆరోజు అందరూ చూడాల్సి వచ్చింది. ఆ పని రోజూ చేసే జీతగాళ్ళ పేర్లు మాత్రం చరిత్రలో లేవు, ఆమె పేరు ఉంది. యూకలీస్‌కి ఈ ఇబ్బంది తెలిసినట్టే ఉంది. తర్వాత న్యూయార్క్ పారిశుధ్య శాఖలో జీతం లేని కళాకారిణిగా చేరి, 1979-80లో సుమారు 8,500 మంది పారిశుధ్య కార్మికుల దగ్గరికి వెళ్ళి ఒక్కొక్కరికీ చేయి కలిపి కృతజ్ఞత చెప్పింది.

మన మట్టినేలల సంగతి వేరు. ఎర్రమట్టితో, పేడతో అలికిన నేలకి కట్టడమూ కాపాడడమూ అని రెండు పనులు లేవు. అలికిన ప్రతిసారీ నేల పైపొర కొత్తగా పుడుతుంది. నేల ఎవరు చేశారు అంటే అలికినామే చేసింది. మరి అక్కడైనా ఆమెకి గౌరవం దక్కిందా? దక్కలేదు. ఇల్లలకగానే పండగ కాదని సామెత పుట్టింది. నేలని చేసే చేయి ఆమెదే అయినా, ఆ పని రోజుల తరబడి తిరిగి వస్తుంది కనక చిన్నదే అయింది. కాబట్టి దోషం చెక్కలోనో, యంత్రంలోనో, అమెరికాలోనో వెతికి లాభం లేదు. ఆ సామెతనే తలకిందులు చేసి పి. సత్యవతి గారు రాసిన "ఇల్లలకగానే" కథ మనందరికీ తెలిసిందే. ఇల్లు అలుకుతూ అలుకుతూ ఒక చదువుకున్న స్త్రీ తన పేరు మర్చిపోతుంది.

ఆ కథ నా వాదానికి అడ్డుపడుతుంది, పడాలి కూడా. రోజువారీ శ్రద్ధే నేలని నిలబెడుతుంది అని నేనంటున్నాను. ఈ మాటని ఎవరు ఎలా వాడుకుంటారో ఊహించడం కష్టం కాదు. "చూశావా, నీ చేతి చలవే, నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లు కాదు" అనేది మనకి తెలిసిన పాట. గౌరవం పేరుతో పనిని ఆమె మెడకి మరింత గట్టిగా కట్టే పద్ధతి అది. త్యాగమూర్తి అన్న పొగడ్తలాగే ఇదీ చవకైన జీతం. రూత్ ష్వార్ట్స్ కోవన్ 1983లో "మోర్ వర్క్ ఫర్ మదర్" పుస్తకంలో ఇంటి యంత్రాలు వచ్చాక తల్లి పని తగ్గలేదని, శుభ్రత ప్రమాణాలు పెరిగాయని, ఇంట్లో మిగతావాళ్ళ పనులే ముందు మాయమయ్యాయని చూపించింది. చెక్క నేల విషయంలోనూ అంతే. తేమ కొలిచే పరికరం, ప్రత్యేకమైన ద్రావకం, ప్రత్యేకమైన మాపు. వీటిలో ప్రతిదీ ఎవరో ఒకరు గుర్తుంచుకోవాల్సిన కొత్త పని.

ఈ సంరక్షణ సూచనల్లో స్త్రీ ఎక్కడ కనిపిస్తుందో తెలుసా? నేల కంపెనీల కరపత్రాల్లో తరచుగా ఒక ఉదాహరణ ఇస్తారు. 125 పౌండ్ల బరువున్న స్త్రీ ఎత్తు మడమల చెప్పులేసుకుని నడిస్తే చదరపు అంగుళానికి 2,000 పౌండ్ల ఒత్తిడి పడుతుంది, మీ వారంటీ వర్తించదు అని. రోజూ ఊడ్చే స్త్రీ ఆ కాగితంలో లేదు. "ఊడవాలి", "తుడవాలి" అని కర్త లేని వాక్యాల్లో ఆమె దాక్కుని ఉంది. నేలకి హాని చేసే స్త్రీకి మాత్రం బరువుతో సహా వర్ణన ఉంది.

కర్త లేని ఆ వాక్యాలు హైదరాబాదుకి వచ్చేసరికి ఇంకొకరి మీద పడతాయి. కొత్త అపార్టుమెంట్లలో పడకగదికి చెక్క నేల, మిగతా గదులకి టైల్సు వేయించుకోవడం ఇప్పుడు చూస్తున్నాం. ఇల్లు తుడిచే ఆమెకి తెలిసిన పద్ధతి తడిగుడ్డ. గొంతుకూచుని, బకెట్లో ముంచి, పిండి, గదంతా వెనక్కి జరుగుతూ తుడవడం. తాండూరు బండలకీ, మొజాయిక్‌కీ, మార్బుల్‌కీ అదే సరైన పద్ధతి, అందులో ఆమె నిపుణురాలు. పడకగది గుమ్మం దాటగానే ఆ నైపుణ్యం నేరం అవుతుంది. వానాకాలంలో పలక అంచు ఉబ్బితే, అది గాలిలో తేమ వల్లో, గోడలోంచి దిగిన చెమ్మ వల్లో ఎవరూ ఆలోచించరు. "నీళ్ళెక్కువ పోసుంటుంది" అనేస్తారు. నేల ధర ఆమె ఏడాది జీతానికి మించి ఉంటుంది. ఆ నేలకి ఏం కావాలో ఆమెకి కూచోబెట్టి చెప్పినవాళ్ళు ఎందరు? ఇంటిపనివాళ్ళ హక్కుల గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒడంబడిక చేసింది, భారతదేశం దాన్ని ఇప్పటికీ ఆమోదించలేదు. ఇంగ్లీషు వైద్యంలో మోకాలి చిప్ప ముందుండే తిత్తి వాస్తే ఆ జబ్బుకి వాడుకలో ఉన్న పేరు "హౌస్‌మెయిడ్స్ నీ", పనిమనిషి మోకాలు. నేలలు తుడిచిన స్త్రీలకి భాషలో దక్కిన స్మారకచిహ్నం అదొక్కటే కాబోలు.

మనలో చాలామందికి, చదువుకుని ఉద్యోగాలు చేస్తున్న స్త్రీలకి, ఇంటిచాకిరీ నుంచి దొరికిన విముక్తి మరో స్త్రీ మోకాళ్ళ మీద నిలబడింది. ఇది కొత్తగా చెప్తున్న మాట కాదు, దళిత స్త్రీలు ఎప్పుడో మన ముఖం మీదే చెప్పారు. నేను అడుగుతున్నది ఒక ఇరుకైన ప్రశ్న. జీతమిచ్చాం కదా అన్న చోట నైతిక లెక్క ముగుస్తుందా? జీతం గంటకి ఇస్తాం. నేలకి జరక్కుండా ఆగిన నష్టం మన ఆస్తిలో జమవుతుంది. శాండింగ్ చేసినతను ఒక్కసారికి తీసుకునే డబ్బుని, ఆ శాండింగ్‌ని పదేళ్ళు వెనక్కి నెట్టిన మనిషి జీతంతో పోల్చి చూస్తే, మనం దేనికి వెల కడుతున్నామో తెలుస్తుంది.

భారత ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వేలో, ఇంట్లో జీతం లేని పనులు చేస్తున్నవాళ్ళలో స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వాటికి పెడుతున్నట్టు తేలింది. ఈ అంకెలు అవసరమే. కానీ నిమిషాలన్నీ ఒకేలాంటివి కావు. ఎప్పుడు చేసినా సరిపోయే 88 నిమిషాలకీ, ఫలానా వేళకి చేయకపోతే కుదరని 289 నిమిషాలకీ తేడా గడియారంలో కనిపించదు. పంచుకోవాల్సింది నిమిషాల్ని మాత్రమే కాదనీ, తిరిగి తిరిగి వచ్చే తనాన్ని కూడా పంచుకోవాలనీ నా వాదం. పండక్కి ఒకరోజు వంటచేసి పెట్టే భర్త మంచివాడే కావచ్చు. మంగళవారం సాయంత్రం ఎవరూ చూడకుండా గుమ్మంలో పట్టా దులిపే భర్త దగ్గర్నుంచే మార్పు మొదలవుతుంది.

ఇక గీతల సంగతి. నేల మీద ఒక్క గీతా పడకూడదనుకోవడం కూడా ఒక రోగమే. మా హాల్లో కిటికీ పక్కన మా అబ్బాయి చిన్నప్పుడు బొమ్మ లారీ ఈడ్చిన గాట్లు లోతుగా ఉన్నాయి, శాండింగ్‌కి కూడా పోలేదు. తివాచీ తీస్తే దాని కింద చెక్క లేతగా, చుట్టూ వెలుతురు సోకిన చోట తేనెరంగుగా ఉంటుంది. ఇవి నాకు ఇష్టం. ఏ గీతని ఆపాలి, ఏ గీతని ఉండనివ్వాలి అని నిర్ణయించే హక్కు ఊడ్చేవాళ్ళది కావాలి. నేలని చూసేవాళ్ళ, కొలిచేవాళ్ళ, మెచ్చుకునేవాళ్ళ చేతుల్లో ఆ హక్కు ఉన్నంతకాలం శ్రద్ధ అనే మాట చాకిరీకి ముసుగుగానే పనికొస్తుంది.

మా ఇంట్లో ఇప్పుడు ఊడవడం వంతులవారీగా నడుస్తోంది. ఎవరి వంతు ఎప్పుడో గుర్తుపెట్టుకునే పని కూడా వంతుల్లోనే ఉంది, దాన్ని ఒప్పించడానికే ఎక్కువకాలం పట్టింది. ఈ వారం మా అబ్బాయిది. కుర్చీలు జరపడు, మూలలు వదిలేస్తాడు, సింకు ముందు ఇసక అలాగే ఉంటుంది. కాళ్ళకి తగులుతూనే ఉంది. నేను వెనకాలే వెళ్ళి మళ్ళీ ఊడవడం లేదు.